కర్నూలు లాగ్‌లో నేను లేను

ఓడిపోయినందుకు నాకు కోపం రాలేదని చెబితే మా ఇంట్లోవాళ్ళే నవ్వుతారు. వచ్చింది. బాగా వచ్చింది. ఫలితాల మెయిలు తెరిచిన పొద్దున నా టీ చల్లారి మీగడ కట్టింది, డ్యూటీకి ఆలస్యమైంది, దారిలో ఎదురైన లారీలన్నిటినీ పేరుపేరునా తిట్టాను. ఎర్రగుంట్లలో లారీలను తిట్టడం మొదలుపెడితే ఇక దానికి అంతుండదు.

నేను సిమెంటు ఫ్యాక్టరీలో కరెంటు పని చూస్తాను. మోటార్లు, ప్యానెళ్ళు, కేబుళ్ళు. అది పొట్టకూటి పని. ఇంటికొస్తే నాకున్న పిచ్చి హామ్ రేడియో. సర్కారు పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళం ఇంట్లో సొంత ట్రాన్స్‌మీటరు పెట్టుకుని, మిద్దె మీద తీగ కట్టుకుని, గాలిలో ఒకరినొకరు పిలుచుకుంటాం. చేతిలో ఫోను ఉండగా ఇదెందుకని అడిగేవాళ్ళకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను.

ఏడాదికోసారి మాకొక పోటీ ఉంటుంది. ఒక ఆదివారం తెల్లవారినప్పటి నుంచి పొద్దు వాలేదాకా దేశంలో ఎంతమందితో మాట్లాడితే అన్ని పాయింట్లు. రోజంతా విడతలుగా నడుస్తుంది. ఒక విడతలో మాట్లాడినవాళ్ళతో తర్వాతి విడతలో మళ్ళీ మాట్లాడవచ్చు. ప్రతి కాంటాక్టుకీ మన వరుస సంఖ్య అవతలివాళ్ళకు చెప్పాలి, వాళ్ళది వినాలి, ఇద్దరూ టైముతో సహా ఎవరి లాగ్‌లో, అంటే రాత పుస్తకంలో, వాళ్ళు రాసుకోవాలి. తర్వాత ఆ లాగ్‌లు పంపితే నిర్వాహకులు ఒకదాని పక్కన ఒకటి పెట్టి సరిచూస్తారు. నా లాగ్‌లో నువ్వుండి నీ లాగ్‌లో నేను లేకపోతే ఆ కాంటాక్టు కొట్టేస్తారు. అంతటితో వదిలినా బాగుండును. లేనిది ఉన్నట్టు రాశావన్న అనుమానానికి జరిమానాగా మరికొన్ని పాయింట్లు కోస్తారు.

ఈసారి నాకు మొదటి స్థానం గొప్ప కోసం కాదు, చోటు కోసం కావాల్సి వచ్చింది. నేనుండే అద్దె ఇంటి మీద ఓనరు ఇంకో అంతస్తు వేస్తున్నాడు. అప్పటికే మిద్దె మీద ఇసుక కుప్ప, కమ్మీల కట్టలు. "ఆ తీగలన్నీ తీసెయ్యప్పా, స్లాబు పడాల" అని కనిపించినప్పుడల్లా చెబుతున్నాడు. ఊళ్ళో ఇంకెవరినైనా అడిగితే పిడుగు పడుతుందని ఒకరు, టీవీ చెడిపోతుందని ఒకరు, ఇదంతా పోలీసుల గొడవ కదా అని ఇంకొకరు. మిగిలింది మా ఫ్యాక్టరీ స్టాఫ్ క్లబ్బు. దాని మిద్దె మీద ఒక గది ఉంది. విరిగిన క్యారమ్ బోర్డులు, పాత కుర్చీలు పడేసి తాళం వేశారు. మేనేజరును అడిగాను.

"ఊరికే ఇస్తే రేపు అందరూ అడుగుతారు. నువ్వు ఫస్టొచ్చినావని కాగితం తీసుకొని రా. అప్పుడు పైవాళ్ళకు నేనే రాస్తా" అన్నాడు.

కాబట్టి మొదటి స్థానం వస్తే గది. గది వస్తే రేడియో. రాకపోతే ఆ పెట్టెను తుడిచి అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టుకోవడమే.

పోటీ రోజు బాగానే నడిచింది. ఎవరి స్కోరు వాళ్ళు చెప్పుకునే పట్టికలో అందరికంటే పైన నేనే ఉన్నాను. పక్క రాష్ట్రంలో కొండ మీద పెద్ద టవరు పెట్టుకున్న స్టేషను ఒకటుంది. ప్రతి ఏడూ నన్ను కింద కూర్చోబెట్టేది అదే. అది కూడా ఈసారి నా కిందే. తొందరపడి నలుగురికీ చెప్పుకున్నాను. క్యాంటీన్‌లో మైసూర్‌పాకు కూడా పంచాను. తీరా సరిచూసిన ఫలితాలు వచ్చేసరికి టవరువాడు పైన, నేను కింద. తేడా చూస్తే కడుపు మండిపోయింది. దూరంగా వెనకబడి ఉంటే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. కాస్తలో పోయింది.

ఫలితంతో పాటు ఎవరి తప్పుల చిట్టా వాళ్ళకు పంపుతారు. దాన్ని పట్టుకుని కూర్చున్నాను. లోపం వెతకడం నా ఉద్యోగం. మోటారు ఆగిపోతే అదృష్టం బాగాలేదని ఎవరూ అనరు, ఎక్కడ కాలిందో చూస్తారు. ముందుగా నా సొంత తప్పులు పక్కకు తీశాను. కొన్ని సంఖ్యలు తప్పు విన్నాను. తెల్లవారుజామున మంచు పడితే మా ఊరి సిమెంటు దుమ్ము కరెంటు స్తంభాల పింగాణీ గిన్నెల మీద ముద్దకట్టి రేడియోలో చిటపటమంటూనే ఉంటుంది. ఆ చిటపటలో పోయినవి పోయాయి. వాటికి ఎవర్ని అంటాం? అలాంటివి టవరువాడికీ ఉంటాయి.

మిగిలిన వాటిని స్టేషన్ల వారీగా పేర్చాను. పేర్చిన తర్వాత మళ్ళీ మొదటి నుంచి చూశాను. "అవతలి లాగ్‌లో లేదు" అని కొట్టేసినవి దాదాపు అన్నీ ఒక్క స్టేషనువే. కర్నూలుది. మామది.

మామ అంటే నా మేనమామ కాదు. కర్నూలు పాతబస్తీలో టైలరు. నాకు మోర్సు, అదే చుక్కలూ గీతల టకటకల భాష, నేర్పింది ఆయనే. కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టి, గజంబద్దతో బల్ల మీద కొట్టి చూపించేవాడు. మేం హిందువులం, వాళ్ళు ముస్లింలు, ఆయన నాకు మామ, ఆయన భార్య నాకు అత్త. ఎప్పటి నుంచో అంతే. పోటీ రోజు ప్రతి విడత మొదట్లోనే ఆయన నా కోసం కాచుకుని ఉన్నాడు. గొంతుతో ఒకసారి, మోర్సులో ఒకసారి. కర్నూలు నుంచి ఆయన సిగ్నలు గోడ అవతల నుంచి మాట్లాడినంత శుభ్రంగా వచ్చింది. వాటిలో ఒక్కదాన్ని కూడా నేను తప్పు వినలేదు. అలాంటిది అన్నీ పోయాయి, జరిమానాతో సహా.

ఆయన గడియారం తప్పుగా ఉందేమో అనుకున్నాను. మా లాగ్‌లలో మన టైము రాయకూడదు, ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయం రాయాలి. చాలామంది అక్కడ పడతారు. కానీ టైము తప్పయితే ఆయనవన్నీ పోవాలి. పోలేదు. ఆయన స్కోరు చెక్కుచెదరలేదు. తక్కువ పవరు విభాగంలో దక్షిణాది పట్టికలో మూడో స్థానం కూడా వచ్చింది. పేజీ ఏదైనా జారిపోయిందా? అందరి లాగ్‌లూ వెబ్‌సైటులో పెడతారు. ఆయనది తెరిచాను. నాకు ఆయన చెప్పిన వరుస సంఖ్య వెతికాను. ఉంది. దాని ఎదురుగా బళ్ళారి స్టేషను ఉంది. తర్వాతి విడతలో నాకు చెప్పిన సంఖ్య చూశాను. అది హుబ్బళ్ళి వాళ్ళకు ఇచ్చాడు. అంటే ప్రతిసారీ నాకొక సంఖ్య చెప్పి, నన్ను రాసుకోకుండా, అదే సంఖ్యను నా తర్వాత పిలిచినవాడికి చెప్పాడు. ఇది మరుపు కాదు. మరుపు ఇంత క్రమంగా ఉండదు.

ఒళ్ళు మండింది. నేను ఆయనకేం చేశాను? గది సంగతి ఆయనకు తెలుసు. ఇన్నేళ్ళలో ఎన్నడూ లాగ్ పంపని మనిషి. "ఈసారి పంపు మామా, నీకూ ఏదో ఒకటొస్తాది" అని వెంటపడి, ఫోనులో గంటలు గంటలు చెప్పి పంపించింది నేను. పంపిన లాగ్‌లో నేను తప్ప అందరూ ఉన్నారు.

ఫోను చేశాను. దుకాణంలో ఎవరికో కొలతలు తీసుకుంటున్నాడు. "ఆఁ, చూస్తి చూస్తి, అంతా బాగుండాది. ఫోన్లో ఏం మాట్లాడ్తాంలే, ఆదివారం రాప్పా. అత్త పలావు చేస్తాది" అని పెట్టేశాడు. పలావు మాట వినేసరికి నా కోపం ఇంకా పెరిగింది.

ఆదివారం బయల్దేరాను. మైదుకూరులో బస్సు మారితే సీటు దొరకలేదు. నంద్యాల దాకా నిలబడే పోయాను. దారి పొడుగునా ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను మనసులో. ఆయన ఏమంటాడో, దానికి నేనేమనాలో, అన్నీ సిద్ధం చేసుకున్నాను. కర్నూలులో దిగేసరికి ఎండ మాడు పగలగొడుతోంది.

మామ బల్ల మీద గుడ్డ పరిచి కత్తిరిస్తున్నాడు. మెడలో టేపు, చెవి మీద సుద్ద.

"రాప్పా, రా. ఎండన పడి వచ్చినావు. కూచో."

"కూచునేకి రాలే మామా."

"నిలబడి ఏం చేస్తావు? కూచో."

నేను నోరు తెరిచేలోపల లోపలి నుంచి అత్త నీళ్ళు తెచ్చింది. ఆమె మొహం వెలిగిపోతోంది. "ఏమప్పా, మీ మామకు కాగితం వస్తాదంట కదా! మూడో నంబరంట. పెండ్లయిన కాడి నుంచి చూస్తాండా, మిద్దెక్కి గాలితో మాట్లాడ్తానే ఉండాడు. మా చెల్లెలోళ్ళు పిచ్చోడంటాండ్రి. రానీ, అందరికీ చూపిస్తా. ఈడనే తగిలిస్తాం" అని మిషను పైన గోడ చూపించింది. మామ సిగ్గుపడి గుడ్డ సర్దుకున్నాడు.

ఆమె లోపలికి పోయేదాకా పళ్ళు బిగబట్టి ఆగాను.

"నన్నెందుకు రాయలే మామా?"

"యాడ?"

"పోటీ లాగ్‌లో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రతి విడతలో నీతో మాట్లాడితి కదా. ఒక్కటన్నా లేదు."

"లేదు" అన్నాడు, అదేదో మామూలు విషయమైనట్టు. "నిన్ను రాస్తానా?"

"ఎందుకు రాయవు?"

మామ కత్తెర పక్కన పెట్టి నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. "నువ్వు మా ఇంటోనివి కదప్పా. ఇంటోళ్ళకు కుట్టిన గుడ్డలు నేను పుస్తకంలో ఎక్కిస్తానా? నీకెన్ని అంగీలు కుట్టింటి, ఎన్నడన్నా రాసుకుంటినా? మనలో మనకు హిసాబేంది? నువ్వా రూము కోసం అంత కష్టపడ్తాండావు. నీతో మాట్లాడి నేను పాయింట్లు రాసుకుంటే, నీ దాంట్లో నుంచి తీసుకున్నట్లే కదా. వద్దు, అన్నీ వానికే రానీ అనుకుంటి."

బస్సులో నేను ఊహించుకున్న మామ ఈ మాట అనలేదు. నేను అసూయకు జవాబు తయారు చేసుకున్నాను, నిర్లక్ష్యానికి తయారు చేసుకున్నాను.

"నువ్వు రాసుకుంటేనే నాకొస్తాయి మామా!"

"ఇద్దరికీ వస్తాయా?"

"ఇద్దరికీ."

"అట్లయితే అది పోటీ ఎట్లయితాది?"

తల పట్టుకున్నాను. "రూల్సు పంపిస్తి కదా, చదవలేదా?"

"చదివితి. ఇద్దరూ రాసుకోవాలని ఉండాది. అది బయటోళ్ళకు కదప్పా."

అక్కడ నాకు చిర్రెత్తుకొచ్చింది. వీధిలో పోయేవాళ్ళు వింటారని కూడా చూడలేదు. నిర్వాహకులు నన్ను అబద్ధాలకోరు కింద జమకట్టారని చెప్పాను. ఉన్నవి కొట్టేసి, పైన జరిమానా వేశారని చెప్పాను. గది పోయిందని, తీగలు దించాలని, ఇంక రేడియో అటకెక్కుతుందని చెప్పాను. ఆయన మొహం చిన్నబోతూ ఉంది. నేను ఆపలేదు.

"నువ్వసలు లాగే పంపకుండా ఉండింటే నాకు మేలుండె! పంపనోళ్ళతో మాట్లాడినవి కొట్టెయ్యరు. సరిచూసేకి ఏమీ ఉండదు కాబట్టి వదిలేస్తారు. నువ్వు పంపి చెడగొడ్తివి!"

మామ చెవి మీది సుద్ద తీసుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "పంపనోళ్ళతో మాట్లాడినవి ఉంటాయా?"

"ఉంటాయి."

"అన్నీ?"

"అన్నీ."

"అట్లనా" అని తలవంచుకుని గుడ్డ మీద సుద్దతో గీత గీశాడు. బాధపడుతున్నాడనుకున్నాను. నిజం చెబితే, కొంచెం బాధపడనీ అని కూడా అనుకున్నాను.

పలావు తినకుండా అత్త పంపలేదు. తిన్నాను. రుచి తెలియలేదు. తిరుగు బస్సులో సీటు దొరికింది గానీ మనసు కుదురుకోలేదు. మోసం చేసినవాడి మీద కోపం తెచ్చుకోవచ్చు. మంచి చెయ్యబోయి మనల్ని ముంచినవాడి మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలి? ఆళ్ళగడ్డ దాటేదాకా ఆయన్ను తిట్టుకున్నాను, దాటిన తర్వాత నన్ను తిట్టుకున్నాను, ఆ రూలు రాసినవాళ్ళను మాత్రం దారి పొడుగునా తిట్టుకున్నాను.

ఇంటికొచ్చి నిర్వాహకులకు మెయిలు రాశాను. నా దగ్గర ఆ రోజు రికార్డింగు ఉంది, వినండి, మేమిద్దరం మాట్లాడుకున్నాం అని. మర్యాదగా జవాబిచ్చారు. మాట్లాడి ఉండవచ్చు, మేం కాదనడం లేదు, కానీ లాగ్‌లో లేనిది లేనట్టే. అభ్యంతరాల గడువు ముగిశాక తుది ఫలితాలు ప్రకటిస్తాం. ధన్యవాదాలు. ఆ ధన్యవాదాలు చూసి కంప్యూటరు మూసేశాను.

ఓనరు స్లాబుకు మేస్త్రీని తెచ్చుకున్నాడు. తీగలు దించి చుట్టలు చుట్టాను. క్యాంటీన్‌లో ఎవరో "ఏమన్నా, మైసూర్‌పాకు మళ్ళీ ఎప్పుడు?" అన్నారు. వేళాకోళమే, అయినా ప్లేటు వదిలేసి లేచిపోయాను. మేనేజరు ఎదురైతే పక్క దారిలో తిరిగాను. క్లబ్బు గదిలో క్యారమ్ బోర్డులు తీసేసి యోగా క్లాసు పెడతారని కూడా ఒకరు చెప్పారు.

తుది ఫలితాలు వచ్చినప్పుడు తెరవాలని కూడా అనిపించలేదు. టవరువాడి స్కోరు ఎంత తగ్గిందో చూద్దామన్న దుర్బుద్ధితో తెరిచాను. పైన ఉన్నది నేను. రెండోసారి చదివాను. నేనే. పట్టిక ప్రింటు తీసుకుని మేనేజరు గదికి దాదాపు పరిగెత్తాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, "సాధించినావే!" అని వెంటనే పైవాళ్ళకు కాగితం రాసి, తాళంచెవి తెప్పించాడు. ఆ సాయంత్రమే గది ఊడ్చాను. కుర్చీలు బయటికి మోస్తుంటే చాన్నాళ్ళ తర్వాత ఈల కూడా వేశాను.

కానీ నా బుద్ధి ఊరుకోదు. కారణం లేకుండా పడిపోయిన స్విచ్చు కారణం లేకుండా లేస్తే నాకు ఇంకా అనుమానం. మర్నాడు వీక్లీ ఆఫ్. కొత్త చిట్టాను పాతదాని పక్కన పెట్టి చూశాను. కర్నూలు కాంటాక్టులన్నీ తిరిగొచ్చాయి. జరిమానాలు లేవు. వాటి ఎదురుగా ఒకే మాట: అవతలి లాగ్ అందుబాటులో లేదు.

తక్కువ పవరు పట్టిక తెరిచాను. దక్షిణాదిలో మూడో స్థానంలో ఇంకెవరో ఉన్నారు. పట్టిక చివరిదాకా వెతికాను. మామ కాల్‌సైను, అంటే గాలిలో ఆయన్ను పిలిచే లైసెన్సు పేరు, ఎక్కడా లేదు. అంత పెద్ద పోటీలో ఆయన పాల్గొన్న గుర్తే లేదు.

ఫోను చేసి అరిచాను. "ఏం చేసినావు మామా?"

"వాళ్ళకు ఫోన్ చేసి, నా లాగ్ తీసెయ్యొచ్చునా అని అడిగితి. గడువు లోపల ఎవరిది వాళ్ళు తీసుకోవచ్చన్నారు. శానా మంచోళ్ళప్పా."

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

"నువ్వే చెప్తివి కదా, పంపకుంటే మేలుండెనని."

"కోపంలో అంటి మామా!"

"కోపంలో అన్నా, నిజమే కదా."

"నేను వాళ్ళకు రాస్తా. నీది నీకు పెట్టెయ్యమంటా."

ఆయన గొంతు మొదటిసారి గట్టిపడింది. "ఇచ్చింది ఎనక్కి ఇస్తావా? అట్ల రాస్తే మళ్ళా నా గడప తొక్కొద్దు." ఆ వెంటనే, ఏమీ జరగనట్టు అడిగాడు. "రూములో తీగ కడ్తివా? ఆదివారం వస్తావా ఫార్టీ మీటర్ల బ్యాండులో?"

ఇలాంటి మనిషితో ఎలా పోట్లాడాలో నాకు ఎవరూ నేర్పలేదు. మెయిలు రాశాను. పంపలేదు. పంపితే గది పోతుంది, ఆయనా పోతాడు. పంపకపోతే ఆయన కాగితం పోతుంది. ఆ మెయిలు ఇంకా అలాగే ఉంది. తెరిచినప్పుడల్లా ఒక పదం మార్చి మూసేస్తాను. ఎవరి మీదో తెలియని విసుగు.

కొన్ని వారాలకు నా ప్రశంసాపత్రం పోస్టులో వచ్చింది. మేనేజరు పటం కట్టించి క్లబ్బు గోడకు కొట్టించాడు. అదే వారంలో ఒక మధ్యాహ్నం మామ నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎత్తితే అత్త.

"నీ కాగితం వచ్చిందంట కదప్పా! శానా సంతోషం. మీ మామది ఇంకా రాలే. పోస్టులో ఉండాదంటాడు. నేను దినామూ పోస్టాయన్ను నిలబెట్టి అడుగుతాండా, ఆయప్ప నవ్వుతాండాడు. మీ మామను అడిగితే, నీకు తెలుసంట, నిన్నే అడగమంటాండాడు. ఎప్పుడొస్తాదప్పా?"

ఆమె వెనక కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. అది ఆగింది.

"కొంచెం ఆలస్యమైతాదంట అత్తా" అన్నాను.

మిషను మళ్ళీ మొదలైంది.